అమ్మ రాయి మీద ఇంగ్లీషు

తమ్ముడు దాసుకి అక్క విమల ప్రేమతో రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, మా మరదలు సునీతా, బుజ్జీ బాగున్నారని సునీత చెబితే తెలుస్తోంది గానీ, నీ నోట ఆ మాట విని చాలా రోజులైంది. అమ్మని సమాధి చేసిన రోజు నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. వాయిస్ మెసేజిలు పెడితే వినకుండా అలాగే వదిలేస్తున్నావు. అందుకని కాగితం తీసుకున్నాను. నాతో పనిచేసే నందిగామ అమ్మాయి క్రిస్మస్‌కి ఇంటికి వస్తోంది, తన చేతికిచ్చి పంపిస్తున్నాను. ఫోనైతే కట్ చేస్తావు. ఇంటికొచ్చిన మనిషి చేతిలో పెట్టిన ఉత్తరాన్ని చదవకుండా పారెయ్యవని నా ధైర్యం.

పని మామూలే. మన దగ్గర నర్సుగా చేసిన దాన్ని ఇక్కడ ఈ ముసలివాళ్ళ హోములో స్నానాలు చేయిస్తున్నాను, అన్నం తినిపిస్తున్నాను. చిన్నతనం ఏమీ అనుకోవడం లేదు. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే మళ్ళీ నర్సునే అవుతాను. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. నాలుగింటికి డ్యూటీ దిగేసరికే చీకటి పడిపోతుంది, పైన ముసురు. అన్నం వండుకుంటున్నాను, కానీ ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు. ఏడుపు వస్తే బాత్రూములో ట్యాప్ తిప్పుకుంటాను. పక్క గది వాళ్ళకి వినపడకూడదుగా. నా గురించి బెంగపెట్టుకోకండి, బాగానే ఉన్నాను. వీలైతే సునీతని కొంచెం కందిపొడి కొట్టి ఆ అమ్మాయికి ఇమ్మను. ఇక్కడ అమ్మేదానికి మన రుచి లేదు.

అసలు సంగతికి వస్తాను. అమ్మ సమాధి రాయి మీద చెక్కించే మాటలు సునీత ఫోనుకి పంపింది. రాళ్ళు చెక్కే ఆయన క్రిస్మస్ అయ్యాక మొదలుపెడతాడట. "అక్క ఇంగ్లండులోనే ఉందిగా, ఇంగ్లీషు కరెక్టుగా ఉందో లేదో చూడమను" అన్నావట. నువ్వు అక్క అన్నావని సునీత చెబితే ఆ మెసేజి ఎన్నిసార్లు చదువుకున్నానో. జవాబు తనకే ఒక్క ముక్కలో పెట్టేయొచ్చు. కానీ అది నీకూ నాకూ మధ్య మాట, దాసూ. నీకే చెప్పాలి.

ఇక్కడ మా హోము వాళ్ళు నన్ను ఒక ఇంగ్లీషు క్లాసుకి పంపిస్తున్నారు. దానికి కారణం వింటే నవ్వుతావు. ఎవరు ఏం తిన్నారో, ఎవరికి మందు వేశామో రోజూ రాసిపెట్టాలి. ఒక పెద్దాయన గురించి నేను "హాజ్ ఈటెన్" అనాల్సింది "హావ్ ఈటెన్" అని రాశాను. మేనేజరు వచ్చి, ఆయనతోపాటు ఇంకెవరు తిన్నారని అడిగింది. ఒక్కరే తిన్నారండీ అన్నాను. అయితే హావ్ ఎందుకు రాశావు అంది. ఏం చెప్పను? తాతగారు తిన్నారు అంటాం గానీ తిన్నాడు అంటామా? మనసులో తిన్నారు అనుకుని రాస్తే చెయ్యి దానంతట అదే బహువచనంలోకి పోయింది.

క్లాసు చెప్పేది హెలెన్ అని రిటైరైన టీచరు. మంచావిడ. అమ్మ ఉన్నప్పటి మాట, మీ ఊరి మనుషుల గురించి ఒక పేజీ రాసుకురండి అంది. పాస్టరుగారి గురించి, మా హెడ్‌మాస్టరు గారి గురించి, ఎదురింటి పెద్దమ్మ గురించి రాశాను. ఈజ్ ఉండాల్సిన ప్రతిచోటా ఆర్ పెట్టాను. ఆవిడ ఎర్ర పెన్నుతో అన్నిటి కిందా గీతలు గీసి, "మీ ఊళ్ళో ఎంతమంది పాస్టర్లు?" అని అడిగింది. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను. మా భాషలో పెద్దవాళ్ళు ఒక్కరే వచ్చినా పదిమంది వచ్చినట్టు మాట్లాడతామండీ, అది మా మర్యాద అని చెప్పాను. ఆవిడకి ఆ మాట భలే నచ్చింది. అప్పుడే పేజీ చివర్లో ఒకే ఒక్క వాక్యం పక్కన టిక్కు పెట్టి ఉండటం చూశాను. "మై మదర్ ఈజ్ ఎ ఫార్మ్ లేబర్." క్రియ దగ్గర తప్పు పోనిది అదొక్కటే.

"ఇది మాత్రం కరెక్టుగా రాశావే" అని మెచ్చుకుంది. నా నవ్వు ఆగిపోయింది. అది కరెక్టయింది నాకు తెలిసి కాదు, దాసూ. అమ్మని మనం ఎప్పుడూ వచ్చింది, పోయింది, తిన్నది అనే అన్నాం. నందిగామ ఆసుపత్రిలో నేను పనిచేసినప్పుడు డాక్టరుగారి తల్లి వస్తే "అమ్మగారు వచ్చారు" అని స్టాఫంతా లేచేవాళ్ళం. మన అమ్మ పేట నుంచి బస్సులో క్యారేజీ పట్టుకుని వస్తే వాచ్‌మన్ కేకేసేవాడు, "విమలా, మీ అమ్మ వచ్చిందే" అని. నేనూ అలాగే అన్నాను, "ఆ, వచ్చిందా" అని. అది చనువేలే, దేవుణ్ణి కూడా నువ్వనే అంటాంగా అని సర్దిచెప్పుకుంటూ ఉంటాను. కొన్ని రోజులు సర్దుకుంటుంది, కొన్ని రోజులు సర్దుకోదు. మిరపకోతల రోజుల్లో చేతుల మంట మనకి అంటుకుంటుందని మన మొహం ముట్టుకునేది కాదు, మోచేత్తో దగ్గరికి లాక్కునేది. ఆ మనిషి పేరు పక్కన రాయి మీదకి వచ్చేసరికి "మార్తమ్మ గారు" అని పెట్టావు. మంచి పని చేశావు. అది చదివి చాలా ఏడ్చాను.

ఇక కింద పెట్టిన ఇంగ్లీషు వాక్యం. "హర్ చిల్డ్రన్ లవ్స్ హర్ ఫరెవర్." అందులో ఒక తప్పుంది. మనకి బడిలో ఎస్ అంటే బహువచనం అని నేర్పారు, బుక్ అంటే ఒకటి, బుక్స్ అంటే చాలా. పిల్లలం ఇద్దరం ఉన్నాం కదా అని నువ్వు లవ్‌కి కూడా ఎస్ తగిలించావు. ఈ క్లాసుకి రాకముందు నేనైనా అలాగే తగిలించేదాన్ని. కానీ క్రియ దగ్గర వీళ్ళది తిరగేసిన లెక్క. ఒక్కరు ప్రేమిస్తే లవ్స్, ఇద్దరు ప్రేమిస్తే లవ్. ఇప్పుడున్నట్టే చెక్కితే, పిల్లలు అని ఉంటుంది గానీ ప్రేమించింది మాత్రం ఒక్కరే అన్నట్టు ఉంటుంది.

అది చూసి ఫోను పక్కన పెట్టేశాను. నువ్వు తెలియక రాశావని తెలుసు. అయినా నిజమే రాశావేమో అనిపించింది. ఆసుపత్రిలో ఉన్నది నువ్వు, మోసింది నువ్వు, మట్టి వేసింది నువ్వు. నేను సునీత పట్టుకున్న ఫోనులో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది, మళ్ళీ వచ్చేసరికి అందరూ వెనక్కి నడుస్తున్నారు. "చుట్టాలందరూ వచ్చారు, నువ్వు రాలేదు. ఇక నాకు అక్క లేదనుకుంటా" అన్నావు ఆ సాయంత్రం. నా పాస్‌పోర్టు వీసా ఆఫీసులో ఉంది, తమ్ముడూ. అది చేతికి రాకముందు దేశం దాటితే పెట్టిన దరఖాస్తు పోయినట్టే, ఉద్యోగమూ పోయినట్టే. ఇది నీకు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. అయినా రావాల్సిందేమో. నాకే తెలియడం లేదు.

పాస్టరుగారికి, ఎదురింటి పెద్దమ్మకి నా వందనాలు చెప్పు. బుజ్జికి ముద్దులు. సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ముక్త్యాల నుంచి బండి మీద వచ్చేటప్పుడు లారీల వెనకే రాకు, ఆ దుమ్ము మంచిది కాదు. నా కోసం ప్రార్థన చేసుకోండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది నువ్వు నాకు చెప్పలేదు, సునీత చెప్పింది. చివరి రోజు ఆసుపత్రిలో నర్సమ్మ వచ్చి "మీతో ఎవరున్నారమ్మా?" అని అడిగిందట. మంచం పక్కన నువ్వొక్కడివే నిలబడి ఉన్నావట. అమ్మ నీ వంక చూసి, "మా పిల్లలున్నారండి, ఇద్దరూ ఉన్నారు" అందట. నువ్వు దిద్దలేదట.

ఇప్పుడూ దిద్దకు, దాసూ. అమ్మ లెక్కే ఉండనీ. ఆ ఎస్ తీసేయించు.

నీ అక్క,
విమల