హెచ్.టి. గారి చల్లటి పాస్టీ

పోల్‌వెన్నా,
ఏప్రిల్ 14

పాస్టీల దుకాణం యజమానురాలు శ్రీమతి రోవేనా లస్కూమ్ గారికి, చాపెల్ కొండ కింద కాపురముండే హెడ్లీ ట్రెంబాత్ గౌరవంతో రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నానమ్మా. కలానికి మూత కూడా పెట్టేశాను. ఇంతలో టీ చల్లారిపోయింది. అది చూస్తే మీ పాస్టీ గుర్తొచ్చి మళ్ళీ మూత తీశాను.

నాకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళు తగరం గనిలో రాతికి తూట్లు పొడిచే యంత్రం పట్టుకున్నాను. ఆ అదురుకి వేళ్ళు పాడయ్యాయి. చలి తగిలితే కొవ్వొత్తుల్లా తెల్లబడి బిగుసుకుపోతాయి. ఆ వేళ్ళతోనే ఊరి బ్యాండులో బాకా వాయిస్తాను, మొదటి కుర్చీ నాది. ఎలాగంటారా? అంతా మీ పెద్దమ్మ బెరిల్ గారి చలవ, కాదు, వేడి. శుక్రవారం సాయంత్రం బట్టీలోంచి తీసింది తీసినట్టు పాస్టీని సంచిలో పెట్టి ఇచ్చేది. గొడ్డుమాంసం, బంగాళదుంప, టర్నిప్పు, ఉల్లిపాయ, చుట్టూ పిండి. ఇంతకంటే మంచి కుంపటి లేదు. కోటు జేబులో వేసుకుని, దాని మీద చేతులు పెట్టుకుని బ్యాండు సాధనకి కొండెక్కేవాణ్ణి. పైకి చేరేసరికి వేళ్ళు వేళ్ళలా ఉండేవి. విరామంలో తినేవాణ్ణి. (1974లో ఆవిడ ఒకసారి ఉప్పు మరిచిపోయింది. ఆ సంగతి కలిసినప్పుడు చెబుతాను.)

ఆవిడ పోయి దుకాణం మీ చేతికొచ్చింది. నిన్నటి పాస్టీ మీ కౌంటరు దగ్గర ముప్పై ఎనిమిది డిగ్రీలు, చాపెల్ మలుపు దగ్గర ఇరవై ఆరు. థర్మామీటరు గుచ్చి చూశాను. బ్యాండుమాస్టారు ఓపీ ఏమన్నాడో తెలుసా? "జూన్ రెండున జాతర కచేరీ. ఈలోగా నీ వేళ్ళు దారికి రాకపోతే కుర్చీ లాన్యన్‌కిస్తా" అన్నాడు. లాన్యన్ అంటే నా పక్క కుర్చీలో బాకా వాయించే పళ్ళ డాక్టరు. నా నోట్లోంచి ఇప్పటికే నాలుగు పట్టుకెళ్ళాడు.

వచ్చే శుక్రవారం మళ్ళీ కొలుస్తాను.

ఇట్లు,
హెడ్లీ ట్రెంబాత్

తా.క.: ఈ కాగితం వెనకవైపు చూడకండి. అది నాకూ ప్రభుత్వానికీ మధ్య సంగతి.

ఏప్రిల్ 17

మహారాజశ్రీ ట్రెంబాత్ గారికి, రోవేనా లస్కూమ్ వినయపూర్వకంగా రాయునది.

మీ ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదివాను. మా మరిది క్లిఫర్డ్ మూడోసారి చదివి, లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

నేను టేమర్ నది అవతలిదాన్ని, మీ లెక్కన పరాయిదాన్ని. ఈ ఊరొచ్చి రెండు నెలలే. వేడి తిండి మీద ఐదో వంతు పన్ను వేస్తారని పేపర్లో చదివినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. బయటి గాలికంటే వేడిగా అమ్మితే పన్నట, దానంతటది చల్లారుతూ ఉంటే లేదట. అందుకని తీసినవి తీసినట్టు కిటికీ దగ్గర పెడుతున్నాం. ముప్పై ఎనిమిది ముమ్మాటికీ మా పొరపాటే. ఇకమీదట తగ్గిస్తాం.

మీ వేళ్ళ కథ చాలా బాగుంది. వేడి పాస్టీ అడగడానికి ఇంతకంటే జాలి పుట్టించే కారణం ఉండదు. నేను మాత్రం జాలిపడలేదు. దయచేసి ఆ సంగతి మీ పుస్తకంలో రాసుకోగలరు.

ఇట్లు, విధేయురాలు,
ఆర్. లస్కూమ్

తా.క.: కాగితం వెనకవైపు చూడలేదు. అక్కడ పన్నుల శాఖ ముద్ర ఉన్న సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 28

లస్కూమ్ గారికి, ట్రెంబాత్ రాయునది.

తగ్గిస్తామంటే ధర అనుకున్నాను. నిన్నటి పాస్టీ పద్నాలుగు డిగ్రీలు, బయటి గాలి పన్నెండు. మిగతా ఆ రెండు డిగ్రీలూ ఎక్కడ దాక్కున్నాయో నా వేళ్ళకు దొరకలేదు. రెండో కీర్తనలో నడిమి మీట మీద వేలు బిగుసుకుపోయి, దేవుణ్ణి పొగడాల్సిన చోట బాకా దూడలా అరిచింది. "పర్లేదు పెద్దాయనా" అన్నాడు లాన్యన్. పట్టకారు తీసే ముందు కూడా వాడు అదే మాట అంటాడు.

నా దగ్గర పుస్తకాలేవీ లేవమ్మా. ఒక పని చేద్దాం. ఆ పన్నేదో నేనే కడతాను, రసీదు కూడా వద్దు. మీ పెద్దమ్మ పాస్టీ మూల మీద పిండితో హెచ్.టి. అని అక్షరాలు అతికించి, నాది బట్టీలో అన్నిటికంటే వెనక ఉంచేది. మీరూ అలాగే ఉంచండి. మూడో కంటికి తెలియదు.

ఇట్లు,
హెడ్లీ ట్రెంబాత్

తా.క.: మీరు పాస్టీ మడత నెత్తిన వేస్తున్నారు. ఇక్కడ పక్కన వేస్తాం. ఇది పన్నుకంటే పెద్ద విషయం.

మే 1

మహారాజశ్రీ ట్రెంబాత్ గారికి, లస్కూమ్ రాయునది.

"రసీదు వద్దు." "మూడో కంటికి తెలియదు." ఈ రెండు మాటలూ చదివి క్లిఫర్డ్ చప్పట్లు కొట్టాడు. "వల వెయ్యడమంటే ఇదీ వదినా, ముప్పై ఏళ్ళ అనుభవం ఉంటేగాని ఇలా రాయలేడు" అన్నాడు.

అయ్యా, నేను ఆ వలలో పడను. మా పెద్దమ్మ పడి ఉంటే ఆవిడ పోయింది, వదిలేయండి. మీరు చెప్పినట్టే హెచ్.టి. అని అక్షరాలు పెట్టించాను. ఆ పాస్టీని పొద్దున్నే కాల్చి, ఫ్రిజ్‌లో అడుగు అరలో, పాలసీసాల వెనక ఉంచుతున్నాం. పొరపాటున కూడా వేడి తగలదు.

ఇట్లు, విధేయురాలు,
ఆర్. లస్కూమ్

తా.క.: మడత పక్కకు మార్చాం. అది కూడా చట్టమేనని మాకు తెలియదు.

మే 26

రోవేనా లస్కూమ్ గారికి, హెడ్లీ ట్రెంబాత్ రాయునది.

నిన్న గాలి పదహారు డిగ్రీలు, మీ పాస్టీ నాలుగు. ఈ నెలంతా ఇదే వరస. అది నా వేళ్ళను వెచ్చబెట్టడం పోయి, నా వేళ్ళే దాన్ని వెచ్చబెడుతున్నాయి. కొండ పైకి చేరేసరికి దానికి కాస్త ప్రాణం వస్తోంది, నాకు పోతోంది. లాన్యన్ మాత్రం ఈమధ్య చేతులు ఎర్రగా, వేళ్ళు పిచ్చుకల్లా ఎగరేస్తూ వాయిస్తున్నాడు. ఎక్కడ కాచుకుని వస్తాడో. "కచేరీకి ముందు అరగంట చూస్తా. ఎవరి వేళ్ళు ఆడితే కుర్చీ వాళ్ళది" అన్నాడు ఓపీ. యాభై ఒక్క ఏళ్ళ కుర్చీ అమ్మా అది. అందులో నా ఆకారానికి గుంట పడింది.

రాత్రి మీ ఉత్తరాలు వరసగా పెట్టుకుని చదివితే అప్పటికి బుర్రకెక్కింది. నేను పన్నుల అధికారిని కాను. పింఛను మీద పన్ను కోసం వాళ్ళు నాకు పంపే నోటీసులు ఒకవైపే అచ్చేస్తారు. రెండోవైపు శుభ్రంగా ఉంటుంది, పారేయడానికి నాకు చెయ్యి రాదు. అంతే సంగతి. నమ్మకపోతే ఈ ఫోటో చూడండి, 1968 జాతరలో తీసింది. ఎడమ నుంచి రెండోవాణ్ణి నేను. పక్కన తనకంటే పెద్ద బాకా ఎత్తుకున్నది మీ పెద్దమ్మ.

ఇట్లు,
హెడ్లీ ట్రెంబాత్

తా.క.: ఈసారి కాగితం వెనక తప్పకుండా చూడండి. ఇది గ్యాసు బిల్లు.

మే 29

హెడ్లీ బాబాయి గారికి, రోవేనా సిగ్గుపడుతూ రాయునది.

ఫోటో చూశాను. పెద్దమ్మ కళ్ళజోడు నేను పోల్చుకోగలను. క్లిఫర్డ్ తన ఊరికి వెళ్ళిపోయాడు, నేనే బస్సెక్కించాను. ఇవాళ్టి పేపర్లో ప్రభుత్వం ఆ పన్ను విషయంలో వెనక్కి తగ్గిందని రాశారు. అసలది అక్టోబరు దాకా మొదలే కాదట. నేను మాత్రం మార్చి నుంచే చల్లారుస్తున్నాను.

ఇంకో సంగతి ఉంది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈ నెలంతా శుక్రవారం ఐదింటికి ఒకాయన బాకాపెట్టె పట్టుకుని దుకాణానికి వస్తున్నాడు. "కొండ మీద బ్యాండమ్మా, వేళ్ళు కొయ్యబారుతున్నాయి" అన్నాడు. మీరు రాసిన కథే. కానీ ఆయన దగ్గర పెట్టె ఉంది, మీ దగ్గర ముద్ర ఉంది. నాకు జాలేసింది. బట్టీలో అన్నిటికంటే వెనక ఉన్నది తీసి, సంచిలో పెట్టి ఇస్తూ వచ్చాను.

నిన్న పంటినొప్పితో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి కుర్చీలో పడుకుంటే, ఆయనే వచ్చి మీద వాలి "నోరు తెరవండి" అన్నాడు. ఏమన్నా అందామంటే నోట్లో ఆయన చెయ్యి.

శనివారం మీ పాస్టీ నేనే తెస్తాను, బట్టీలోంచి నేరుగా.

ఇట్లు,
మీ రోవేనా

తా.క.: 1974 ఉప్పు సంగతి అప్పుడు చెప్పండి.

జూన్ 3

రోవేనా తల్లికి, హెడ్లీ బాబాయి రాయునది.

నిన్న నువ్వు చేతిలో పెట్టి పరుగెత్తావు, మాట్లాడ్డానికి కుదరలేదు. పాస్టీ డెబ్బై ఆరు డిగ్రీలు. జేబులో వేసుకున్నాను. పది నిమిషాలకు వేళ్ళు ఇరవై ఏళ్ళ కుర్రాడి వేళ్ళలా తిరిగాయి. ఓపీ చూశాడు, మొదటి కుర్చీ చూపించాడు.

కచేరీకి ఇంకా పావుగంట ఉంది. మీ పెద్దమ్మ కాలంలో విరామం దాకా ఆగేవాణ్ణి. కానీ మార్చి తర్వాత వేడి పాస్టీ మొహం చూడలేదు కదా, నిగ్రహం తప్పింది. ఒక్క కొరుకు కొరికాను. పై పెదవి బొబ్బెక్కింది, బాకాకి ఆనితే ఒట్టు.

లాన్యన్ వాయించాడు. నేను పక్కన కూర్చుని, బాకా ఒళ్ళో పెట్టుకుని మీటలన్నీ నొక్కాను. ఒక్కటీ తప్పలేదు.

ఇట్లు,
బాబాయి

తా.క.: కచేరీ అయ్యాక లాన్యన్ నా గడ్డం పట్టుకుని పెదవికి మందు రాశాడు. ఆయన చేతులు వెచ్చగా ఉన్నాయి.