నాయనమ్మ మీసం

అక్కా,

క్షేమసమాచారాలు తర్వాత, ముందు నాయనమ్మ సంగతి. నాన్న వేసిన ఆమె బొమ్మను బాగుచెయ్యమని అత్తయ్య నాకే పంపింది. పొగచూరిన వార్నిష్‌ను మందులో ముంచిన దూదితో తుడుస్తుంటే పెదవి మీది రంగు ఊడి, ఏడేళ్ళప్పుడు నువ్వు పెట్టిన మీసం బయటపడింది.

“బొమ్మంతా పాడుచేశావు కదే” అని నాన్న అరిచిన రోజు నుంచి నువ్వు కుంచె ముట్టలేదు.

కానీ నాన్న మీసాన్ని చెరపలేదక్కా. దానిమీద ముందు వార్నిష్ పూసి, ఆరాక పైన రంగు వేశాడు. అడుగున ఉన్నది చెడిపోకూడదనుకుంటేనే, పాత బొమ్మలు బాగుచేసే మా పనిలో అలా చేస్తాం.

పెదవికి మళ్ళీ రంగెయ్యమని అత్తయ్య ప్రాణం తీస్తోంది. నాకు చెయ్యి రావడం లేదు. నువ్వొచ్చి చూడు. వెయ్యాలనిపిస్తే కుంచె నీకే ఇస్తాను.

తమ్ముడు