చేత్తో తోసిన బద్ద

ఆదివారం, భిలాయి

అన్నం సహించలేదు. తలుచుకుంటే ఇంకా రోతగా ఉంది. స్టీల్ ప్లాంటులో అందరికీ సేఫ్టీ పాఠాలు చెప్పి రిటైరైన మా బావ, మధ్యాహ్నం నా షెడ్డులో పల్చటి టేకు బద్దను చిత్రిక పట్టే మెషీన్ మీద ఉత్త చేత్తో తోశాడు. అంత సన్నటి బద్దయితే వేళ్లు బ్లేడుకి ఆనేస్తాయి. చేతికి బదులు బద్దను నెట్టే తోసుడు చెక్క నేను అందిస్తే పక్కన పడేశాడు.

“నాకే నేర్పుతావేట్రా?”

బద్ద ఫట్‌మని పగిలి ముక్కలు గోడకు కొట్టుకున్నాయి. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను మెషీన్ ఆపి, వంగి బ్లేడు చూశాను. మొన్ననే పవర్ హౌస్ బజార్లో కొన్న కొత్త బ్లేడు.

తలెత్తేసరికి బావ నన్నే చూస్తున్నాడు. రెండో చేత్తో వేళ్లు తడుముకుంటున్నాడు.

“బ్లేడుకేటీ అవలేదు కదా?” అన్నాడు నెమ్మదిగా.

ఏమీ కాలేదన్నాను. ఆయన వేళ్ల సంగతి అప్పుడు కూడా అడగలేదు.