పొగ ఎటు పోయిందో చూశాను

ఒరే మునిరత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

నువ్వు తోటలో చెరకు చెత్త కాల్చినందుకే కొండ మీద అడవి అంటుకుందని కేసు పెట్టారు. ఆ దిగులుతోనే పోయావు. మొన్న టీచరమ్మ నన్ను తిరుపతిలో ఒక యూనివర్సిటీ సారు దగ్గరికి తీసుకుపోయింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అడవి అంటుకున్న రోజు తీసిన ఫోటో ఆయన చూపించాడు. మన తోట పొగ తెల్లగా రేణిగుంట వైపు సాగింది. కొండ పొగ అవతలి లోయలో వేరేగా లేచింది.

"గాలి కొండ వైపు వీయనే లేదవ్వా" అన్నాడు.

ఆ ఫోటో పట్టుకుని ఫారెస్టు ఆఫీసుకు పోయాను. గుమాస్తా దాన్ని చూడనైనా లేదు.

"సచ్చిపోయినోడి మీద కేసుండదవ్వా. ఎప్పుడో కొట్టేసినారు. ఇంకేం కావల్ల నీకు?"

"కేసు పెట్టినప్పుడు ఊరంతా తెలిసేట్టు జీపేసుకోని వచ్చిరే. కొట్టేసినామని ఎవురికి చెప్పినారబ్బా?"

"అది మా పని కాదు."

ఊళ్లో టీకొట్టు దగ్గర అందరికీ ఫోటో చూపించాను.

"ఇందులో మునిరత్నం యాడుండాడక్కా?" అని నవ్వారు.

ఈ పొద్దు కూడా ఎవరైనా మీ ఇంటికి దారి అడిగితే, కొండ కాల్చినోడి ఇల్లా అని అడిగి చూపిస్తున్నారు.

మీ అక్క