మూడో లిఫాఫా

సార్,

అమెరికాల పేరున్న యూనివర్సిటీ నుంచి నిన్న జవాబొచ్చింది. లెక్కలల్ల సీటిచ్చిండ్రు. బాపు బొగ్గుబాయి డ్యూటీ దిగొచ్చి, "మీ సార్‌కు చెప్పినవా బిడ్డా?" అన్నడు. మీరు కాలంజేసి నాలుగు నెలలాయె, మరిచిపోయిండు.

నేనెట్ల చదువుతనో మీరు మూడు యూనివర్సిటీలకు ఉత్తరాలు రాసి, లిఫాఫాలల్ల పెట్టి లక్క ముద్రలేసి, వాటిని నన్ను విప్పి చూడొద్దన్నరు. రెండు పంపిన. మూడోదానికి గడువు దాటి, గది నా కాడనే ఉండిపోయింది. కరీంనగర్ కాలేజీల మూడేండ్లల్ల ఒక్కపారి గూడ మెచ్చుకోకపోతిరి. గా లిఫాఫా విప్పాలంటే భయమే ఉండె. ఇయ్యాల విప్పిన.

రెండో ఏడుల నేను చేసిన లెక్క మీ చేతిరాతల ఉన్నది. చెప్పిన తీరుగ చెయ్యలేదని మీరు కొట్టేసిన లెక్కనే. కింద ఇంగ్లీషుల రెండే ముక్కలు: "ఈ దారి నాకు తెల్వదు. ఈ పిల్ల చూపింది."