నలభై ముక్కుల తగాదా

కొంటా ఊరి నుంచి

చిరంజీవి ఉమామహేష్‌ను దీవించి అమ్మ రాయించేది. ఇక్కడ నేను, నీ భార్య ఇంద్రాణి, మేక, అందరం బాగున్నాం. మాటలు మాత్రం నాలుగు రోజులుగా మేకతోనే. బచేలీలో నీ డ్యూటీ, నీ తిండి సరిగ్గా ఉన్నాయనుకుంటాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు 'హా అమ్మా, హా అమ్మా' అంటూ సగంలో పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టెయ్యలేవు. మా వీధి పిల్లలకు హిందీ రాతే వచ్చు. తెలుగు రాయడం వచ్చింది భద్రాచలంలో చదివిన నీ భార్యకే. కాబట్టి ఆమె మీద ఫిర్యాదు ఆమె చేతే రాయిస్తున్నాను. ఒక్క మాట మార్చినా తెలిసిపోతుందని ముందే చెప్పాను.

"మీకు చదువు రాదు గదా, ఎట్ల తెలుస్తది అత్తమ్మా?" అన్నది.

"నీ మూతి చూస్తే తెలుస్తది" అన్నాను. అది కూడా రాయమన్నాను.

మొన్న ఫోన్లో నువ్వడిగిన వాటికి జవాబు. మోకాలు నయమే. మట్టి దుమ్ము లోపలికి పోకుండా మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను, తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం దించుతున్నాను. ఇక ఇంద్రాణి నా బ్లేడు ఎందుకు లాక్కున్నదని అడిగావే, ఆ సంగతి వినిపిస్తాను. తీర్పు నువ్వే చెప్పు.

మా ఆడవాళ్ల సంఘం, అదే సమూహ్, షెడ్డులో పింగాణీ బొమ్మలకు అచ్చులు చేసి, వాటిలో నీళ్లతో పలచగా కలిపిన మట్టి పాలు పోసేది ఇంద్రాణి. తలకాయ ఆరాక, బట్టీలో కాల్చకముందు, నా దగ్గరికి వస్తుంది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట చెవి వెనక గీత పడుతుంది. దాన్ని బ్లేడుతో గీకి, తడి స్పాంజితో తుడిచి, కళ్లు మూసుకుని బొటనవేలితో తడమాలి. కళ్లు మోసం చేస్తాయి, వేలు చెయ్యదు. గట్టిగా పట్టుకున్నామా, అప్పడంలా విరుగుతుంది. అచ్చులో గాలి బుడగ ఉంటే తలకాయ మీద బొడిపె లేస్తుంది. దాన్నీ గీకెయ్యాలి. ఇదంతా నాకు నేర్పింది ఇంద్రాణే. రాయవే, నువ్వే నేర్పావని రాయి.

సంతలో చింతపండు అమ్మే ముసలమ్మ బొమ్మలు నలభై కావాలని రాయపూర్ షాపు వాళ్లు అడిగారు. ఇంద్రాణి రంగులు కొనడానికి జగదల్‌పూర్ పోయిన రెండు రోజుల్లో ఆ తలకాయలన్నీ నా ముందుకొచ్చాయి. ప్రతి దానికీ ముక్కు ఎడమ పక్కన బొడిపె! "ఈ అచ్చు చేసినయి చేతులా, చాటలా?" అని షెడ్డంతా వినబడేట్టు తిడుతూ నలభై ముక్కులూ గీకి నున్నగా చేశాను.

పక్కన కూర్చున్న హుంగే, "సమ్మక్కా, ఉండనియ్యరాదా" అన్నది. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

ఇంద్రాణి వచ్చి, తలకాయల వరస చూసి, కింద కూలబడింది.

"అత్తమ్మా, పులిపిర్లు ఏవి?"

"ఏంది? ఎవరి పులిపిర్లు?"

పన్నెండు మంది ఆడవాళ్లు ఒక్కసారే నా ముక్కు వైపు చూశారు.

నాయనా, అవి నా మొహాలు! మధ్యాహ్నాలు నేను కునుకు తీస్తుంటే చూసి చేసిందట. షాపు వాళ్లకు నచ్చింది ఆ పులిపిరేనట. ఆ పూటే నా బ్లేడు లాక్కుని, బొమ్మల పెట్టెల్లో గడ్డి కుక్కే పనిలో కూర్చోబెట్టింది. అడగకుండా నా ముక్కు తీసుకున్నది ఆమె. నా ముక్కును నేను గీక్కుంటే నేరమా?

ఇక్కడ ఆమె నవ్వుతున్నది. అక్షరాలు వంకర పోతే అందుకే.

ఇప్పుడు చెప్పేది నీకొక్కడికే. ఇంద్రాణి రాయాలంతే, వినకూడదు.

ఏడో తలకాయ దగ్గరే నాకు తెలిసింది. కళ్లు మూసుకుని తడిమితే, రోజూ మొహం కడుక్కునేటప్పుడు తగిలేదే వేలికి తగిలింది. అయినా ఆపలేదు. పెళ్లిచూపుల్లో మీ నాయనమ్మ అన్నిటికంటే ముందు చూసింది ఈ పులిపిరినే. అప్పటి నుంచి ఫోటో అంటే కుడి చెంపే తిప్పాను. రాయపూర్‌లోనైనా నలభై చోట్ల నున్నగా ఉందామనుకున్నాను. ఆ ఆశకు, మంచి అచ్చును పట్టుకుని పన్నెండు మంది ముందు తిట్టాను. ఆ మాట ఆమెకు ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పెన్ను ఆగింది. "రాయవే" అన్నాను.

"రాస్త గాని అత్తమ్మా, నేను గూడ ఒకటి దాచిన. మీరు బాధపడతరని మొదట పులిపిరి లేకుండనే చేసిన. ఫోటో పంపితే మీ కొడుకే పెట్టమన్నడు. 'అది లేకుంటే మా అమ్మ ఎట్లయితది? చిన్నప్పుడు అది పట్టుకుంటేనే నాకు నిద్ర వచ్చేది' అన్నడు."

ఓరి నీ! తీర్పు చెప్పమని ఇంతసేపూ నేను దొంగనే అడుగుతున్నానా?

సరే. ఇంకా కాల్చలేదు కాబట్టి నలభై తలకాయలనూ రేపు నీళ్ల తొట్టిలో వేస్తాం. కరిగి మళ్లీ మట్టి పాలవుతాయి. బ్లేడు నా చేతికొచ్చింది. "ఈసారి కొంచెం చిన్నగా పెట్టరాదా?" అని అడిగాను. "అచ్చులో ఎంత ఉంటే అంతే వస్తది అత్తమ్మా" అన్నది.

పదిహేను రోజుల్లో బొమ్మలు పంపాలి. రెండు రోజులు సెలవు పెట్టి రా. గీతలు నేను గీకుతాను. ముక్కుల చుట్టూ స్పాంజి పెట్టే పని నీది. ఒక్క పులిపిరి అరిగినా ఊరుకోను.

ఇట్లు,
పులిపిరితో సహా,
మీ అమ్మ