పెద్దబావకు గంజి

ఆదివారం రాత్రి, ఓర్వకల్లు

పక్షవాతంతో మంచాన పడిన పెద్దబావకు ఈరోజు కూడా గంజి తాగించాను. మా ఆయన చనిపోయినప్పుడు, కిరస్తానీ శవం తన చేను మీదుగా పోకూడదని దారికి ముళ్లకంప అడ్డం వేయించిన సొంత అన్న ఈయనే. ఇప్పుడు కన్నకొడుకులే ఆయన గడప తొక్కడం లేదు.

"మీ యేసు చెప్పినాడని చేస్తాండావా, సుగుణా?" అని అడిగాడు.

"అవును బావా," అని మూతి తుడిచాను.

ఆ రోజు తప్పు చేశానని ఇప్పుడైనా అంటాడేమోనని కాసేపు కూర్చున్నాను.

"ఉప్పు తక్కువుండాది," అన్నాడు.

పొద్దున చర్చిలో అందరూ నా ఓర్పును మెచ్చుకున్నారు. ప్రభువా, అది ఓర్పు కాదని నీకు తెలుసు. ఆయన నోట ఆ ఒక్క మాట వినాలనే రోజూ పోతున్నాను. అది అనకముందే ఆయన్ని నువ్వు తీసుకుపోతే, నిన్నెట్లా క్షమించాలో నాకు తెలియదు.